కరియ ఒక్కపొద్దు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఉరుకుందు అని ఒక నేతగాడు ఉండేవాడు. పనిమంతుడే, కాని నోటికి తాళం లేని మనిషి. మగ్గం గుంతలో కాళ్లు దించి పోగుల మధ్య నాడె ఆడించడం మొదలుపెట్టాడంటే నాలుక కూడా దాంతోపాటే ఆడేది. చిన్నప్పుడు పెద్దకడుబూరు చేలో చూసిన పాము, మేనమామ చేసిన మోసం, నిరుడు జాతరలో పోయిన గొడుగు, ఒకటి అయ్యేలోపు ఇంకొకటి. భార్య రుద్రమ్మ కండెలు చుడుతూ కాసేపు విని, గొడుగు దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పోయేది. పొయ్యి వెలిగించి ఉండేది కాదు.

ఆయన చెప్పింది మొదటినుంచి చివరిదాకా వినే ప్రాణి ఆ ఊళ్లో ఒక్కటే, కరియ. నల్లటి ఒళ్లు కాబట్టి కన్నడపు పేరు పెట్టుకున్నాడు. ఉరుకుంద ఈరన్న స్వామి గుడి దగ్గర కుక్కపిల్లగా కాళ్లకు అడ్డం పడితే పైపంచెలో చుట్టుకొని తెచ్చుకున్నాడు. అది మగ్గం పక్కనే పడుకొని, మూతి ముందుకాళ్ల మీద ఆనించి, ఆయన ముఖంలోకే చూస్తూ వినేది. లేచి పోయే ఓపిక దానికి లేదన్నది వేరే సంగతి.

ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? వీధిలో ఏ ఇంట్లో ఏది మిగిలినా కరియకే. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం బెల్లం కలిపిన వేరుశనగలు. అడుక్కోవడానికి కూడా అది లేవదు. పడుకున్న చోటినుంచే ఒక చూపు చూస్తుంది, ఆ చూపుకు రాతిగుండె ఆడవాళ్లు కూడా కుండ దించుతారు. అలా తిని తిని గంగాళంలా తయారైంది. కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్లు చీకట్లో చూసి దూడ అనుకునేవారు. ముక్కు మీద ఈగ వాలితే తోలడం మాని కళ్లు మూసుకునేది.

ఒకనాడు కరియ వాకిలి మెట్టు ఎక్కబోయి సగంలో కూలబడింది. నాలుక బయట పడింది, డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగిరాయి, కళ్లు తేలేసింది. ఉరుకుందు మేనమామ కథ సగంలో ఆపేశాడు. ఆయన ఏ కథయినా సగంలో ఆపడం పెళ్లయ్యాక అదే మొదటిసారి, అందుకే రుద్రమ్మ భయపడి బయటికి పరిగెత్తుకొచ్చింది.

పెద్దకడుబూరు ఇస్సాకు పత్తి బండి ఊళ్లో సరుకు ఎత్తుకొని ఆదోని మార్కెట్టుకు పోతూ వీధి చివర ఆగి ఉంది. ముగ్గురూ కలిసి కుక్కను పత్తి మీదికి ఎక్కించారు.

"అన్నా, ఇది కుక్కనా, పత్తి కుక్కిన బోరెమా?" అన్నాడు ఇస్సాకు నడుము పట్టుకొని. "మార్కెట్లో దీన్ని కూడా తూకమేస్తారేమో సూసుకో."

ఆదోని పశువుల డాక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. కరియ గుండె దగ్గర గొట్టం పెట్టి విన్నాడు, పొట్ట నొక్కాడు, చేతులు కడుక్కున్నాడు.

"కుక్కకు జబ్బేమీ లేదు. జబ్బు మీ వీధికి ఉంది," అన్నాడు. "రోజుకు ఒక్క పూట, ఒక జొన్నరొట్టె, పలచటి మజ్జిగ. నెయ్యీ బెల్లమూ దాని మూతి దాకా రాకూడదు. ఇలాగే తింటూ పోతే ఈ ఎండాకాలం దాటదు."

"మందేమన్నా రాసియ్యండి సార్."

"చెప్పింది మందే."

తిరుగుదారిలో ఉరుకుందు నోరు విప్పలేదు. ఇస్సాకు చాలాసేపు చూసి, "అన్నా, నీకేమన్నా సుస్తీనా?" అని అడిగాడు. ఉరుకుందు కుక్క వీపు మీద చెయ్యి వేసుకొని కూర్చున్నాడు. ఇది పోతే తాను ఎవరితో మాట్లాడాలి? రోజంతా ఆ చీకటింట్లో దారపు పోగులకు చెప్పుకోవాలా?

ఇంట్లో పథ్యం చక్కగా మొదలైంది. కుక్కను రోజూ తిట్టే రుద్రమ్మే రొట్టె చేసి, నెయ్యి గిన్నెను అటక మీద పెట్టి, వేరుశనగల బుట్టకు గుడ్డ బిగించి కట్టింది. కాని వీధికి ఎవరు గుడ్డ కడతారు? ఉరుకుందు ఇంటింటికీ పోయి చేతులు పట్టుకొని చెప్పాడు. అందరూ సరేనన్నారు, అందరూ పెట్టారు. "నువ్వు సెప్పింది నిజమే గానప్పా, దాని సూపు సూడల్యాకపోతిమి," అన్నారు. ఎవరికి వాళ్లు తాము పెట్టేది ఒక్క ముక్కే కదా అనుకున్నారు. వీధిలో ఇళ్లు ఎక్కువ.

ఒక మధ్యాహ్నం పక్కింటి అరుగు కింద కరియ నోటిదాకా పోతున్న బెల్లపు పూర్ణం ఓళిగ ముక్కను చూసి ఉరుకుందుకు ఒళ్లు మండింది. అంతకుముందు ఆలోచించని మాట ఒకటి నోట్లోంచి ఊడిపడింది.

"దానికి పెట్టొద్దండి. అది ఒక్కపొద్దు ఉండాది."

వీధిలో అందరూ చేతిలో పని ఆపి చూశారు. ఇక వెనక్కి తగ్గడం ఆయనకు తెలియని విద్య.

"మొన్న కలలో ఈరన్న సామి కనపడినాడు. ఆ కుక్క నా గుడి కాడిది, ఉగాది దాకా ఒక్కపొద్దు ఉండాలా, పగలు దానికి ఎవరన్నా మెతుకు పెడితే ఆ పాపం వాళ్లదే అని సెప్పినాడు."

ఓళిగ పట్టుకున్న పక్కింటామె చెయ్యి వెనక్కి లాక్కొని లెంపలు వేసుకుంది. పొద్దు వాలేదాకా కరియ ఎన్ని చూపులు చూసినా ఒక్క మెతుకు రాలలేదు. పైగా దాని ముందునుంచి పోయేవాళ్లు చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని పోయారు. ఉరుకుందు తన తెలివికి తానే మురిసిపోయి, అదెలా తట్టిందో సాయంత్రం దాకా కుక్కకే వివరించాడు.

దీపాలు పెట్టే వేళకు వాకిట్లో హులిగెమ్మ నిలబడి ఉంది. ఎదురింటి ముసలావిడ. రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది గాని, మొక్కుల విషయంలో హైకోర్టు మాత్రం ఆ వీధిలో హులిగెమ్మ అరుగు మీదే ఉండేది. ఆమె చేతిలో పళ్లెం, పళ్లెంలో ఓళిగలు, ఓళిగల మీద నెయ్యి.

"ఏమవ్వా ఇది?" అన్నాడు ఉరుకుందు.

"ఒక్కపొద్దు విడిసే యాళయింది కదప్పా. విడిసేటోళ్లకు ఒక ముద్ద పెడితే సగం పుణ్యం పెట్టినోళ్లదే. నీకు తెలీదా?"

ఆయనకు తెలుసు. ఆ వీధిలో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. అబద్ధం చెప్పే తొందరలో మరిచిపోయాడు, అంతే. హులిగెమ్మ వెనకాల ఇంకో పళ్లెం, దాని వెనకాల పాయసం చెంబు, ఆ వెనకాల వీధి మలుపు దాకా ఆడవాళ్లు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది. ఇంతకాలం కరియ తిన్నది మిగిలిపోయిన తిండి. ఇప్పుడు దానికోసమని తలస్నానం చేసి మరీ వండుతున్నారు.

నాలుగు రోజులకే హులిగెమ్మను ఎన్నాళ్లుగానో బాధపెడుతున్న వీపు మీది సెగ్గడ్డ మెత్తబడి నొప్పి తగ్గింది. ఆమె వేపాకు కట్టుకున్న సంగతి ఎవరికీ గుర్తులేదు, కుక్కకు ఓళిగ పెట్టిన సంగతే గుర్తుంది. దాంతో పక్క వీధులు కూడా గిన్నెలతో వచ్చాయి. కరియ మళ్లీ మెట్టు దగ్గర కూలబడింది.

ఉరుకుందు హులిగెమ్మ అరుగు దగ్గరికి పోయి, "అవ్వా, నోరులేని జీవి, అంత తినల్యాదు. పథ్యం సెప్పినాడు డాక్టరు," అన్నాడు.

హులిగెమ్మ అరుగు మీద సర్దుకొని కూర్చొని తీర్పు చెప్పింది. "మొక్కు సంగతి సెప్పినోడివి నువ్వు. నోరులేనిదానికి నోరు నువ్వే. పళ్లెం దానికి సూపించు, దాని పేరున నువ్వు తిను. ఒక్కటి మటుకు సెప్తాండా. పారేస్తే మొక్కు సెడుతుంది. మిగిలినా సెడుతుంది. నువ్వు తినల్యాకపోతే అదే తినాలా."

ఉరుకుందుకు ప్రాణం లేచొచ్చింది. ఓళిగలు తినమని శిక్ష వేసే కోర్టు ఎక్కడుంటుంది? మొదటి సాయంత్రం పళ్లెం మీద పళ్లెం ఖాళీ చేసి బ్రేవుమని త్రేన్చాడు. కరియ గడప లోపల రుద్రమ్మ పెట్టిన జొన్నరొట్టె నమిలి, మజ్జిగ నాకి, నమ్మలేనట్టు ఆయనవైపు చూసింది. రెండో సాయంత్రం కూడా బాగానే నడిచింది. ఆ తర్వాత పాయసం పేరు వింటే ఆయనకు చెమట పట్టేది. హులిగెమ్మ ఎదురుగా కూర్చొని చివరి ముద్ద దాకా చూసి గాని లేచేది కాదు.

"నువ్వన్నా రెండు తినమ్మే," అని భార్యను బతిమాలాడు.

"అబద్దం సెప్పినప్పుడు నన్ను పిలిస్తివా?" అంది రుద్రమ్మ. "అబద్దమూ నీదే, కడుపూ నీదే."

కరియ డొక్కలు లోపలికి పోతూ వచ్చాయి. దానికి నడుము అనేది ఒకటుందని వీధికి మొదటిసారి తెలిసింది. ఉరుకుందు నడుము మాత్రం కనబడకుండా పోయింది. ఒకరోజు మగ్గం గుంతలోకి దిగినవాడు పైకి రాలేకపోయాడు. రుద్రమ్మ ఒక చెయ్యి, పక్కింటాయన ఒక చెయ్యి పట్టి లాగితే పడుగు తెగింది గాని మనిషి కదల్లేదు. చివరికి మగ్గం గూటాలు ఊడదీసి మనిషిని బయటికి లాగారు. తెగిన పోగులు అతికేసరికి రుద్రమ్మ కళ్లు లాగేశాయి.

ఇంకో సాయంత్రం ఆయనకు గొంతుదాకా నిండిపోయింది. పళ్లెంలో ఒక్క ఓళిగ మిగిలింది. హులిగెమ్మ ఎవరో పిలిస్తే తల తిప్పింది. కరియ దగ్గరికి వచ్చి, మూతి ఆయన మోకాలి మీద పెట్టి, వీధినంతా కరిగించిన ఆ పాత చూపు చూసింది. ఒక్కటే కదా, పెడితే ఏమవుతుంది? ఆయన చెయ్యి సగందాకా పోయింది. మెట్టు మీద అది కళ్లు తేలేసి పడి ఉండటం గుర్తుకొచ్చింది. వీధిలో అందరూ ఒక్కటే కదా అనే పెట్టారని కూడా గుర్తుకొచ్చింది. ఓళిగను తన నోట్లోనే కుక్కుకొని, కళ్ల నీళ్లు కారుతుండగా నమిలి మింగాడు. హులిగెమ్మ ఇటు తిరిగి చూసి అది భక్తి అనుకుంది.

ఉగాది ఇంకా కొన్నాళ్లుందనగా ఇస్సాకు బండి మీద మళ్లీ ఆదోని పోయారు. కరియ ఒక్క దూకులో బండెక్కింది. ఉరుకుందును ఎక్కించడానికి ఇస్సాకు పత్తి మూటలు మెట్లుగా పేర్చాల్సి వచ్చింది.

"ఎద్దుల మీద నీకేమన్నా కోపముందా అన్నా?" అన్నాడు.

డాక్టరు గొట్టం పెట్టి విని తల ఊపాడు. "గుండె బ్రహ్మాండంగా ఉంది. దీనికిక భయం లేదు. అసలు మీవాళ్లు పథ్యం పాటిస్తారని నేననుకోలేదు. వీధిలో పెట్టేవన్నీ ఎట్లా ఆపారు?"

"ఆపల్యాదు సార్. నేను తినేసినాను."

డాక్టరు అప్పుడు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "మనుషుల ఆసుపత్రి పక్క వీధిలో ఉంది," అన్నాడు.

భయం లేదన్న మాట విని ఉరుకుందుకు దారి పొడవునా సంతోషమే. కాని ఇల్లు చేరి వాకిలి మెట్టు ఎక్కుతుంటే ఊపిరి అందలేదు. గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. అంతలో దీపాల వేళ అయింది. హులిగెమ్మ పెద్ద పాయసం చెంబుతో వీధి దాటి వస్తోంది. చూసి ఆయన కళ్లు మూసుకున్నాడు. లేచి వద్దని చెప్పే శక్తి లేదు, ఇంకో గుక్క మింగే శక్తి అంతకన్నా లేదు.

కరియ లేచింది. పోయి గడప మీద అడ్డంగా నిలబడింది. హులిగెమ్మ కుడిపక్కకు జరిగితే కుడిపక్కకు జరిగింది, ఎడమపక్కకు జరిగితే ఎడమపక్కకు జరిగింది. ఆమె చెంబు ముందుకు చాపగానే మొరిగింది. పుట్టాక అది మొరగడం ఎవరూ వినలేదు. చుట్టుపక్కల మగ్గాలన్నీ ఆగిపోయి, జనం బయటికి వచ్చారు. అది మళ్లీ మొరిగింది, చెంబు వెనక్కి పోయేదాకా మొరుగుతూనే ఉంది.

హులిగెమ్మ చెంబు నేలమీద పెట్టి, కుక్క ముఖంలోకి చాలాసేపు చూసింది. "సామి సాలంటాండాడు. మొక్కు సెల్లిపాయ," అంది. ఆ కోర్టు మీద అప్పీలు లేదు. జనం దండం పెట్టి ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

తర్వాత ఇస్సాకు ఈ సంగతి విని, దానికి పెట్టకుండా రోజూ ఉరుకుందే తింటున్నాడని కుక్కకు కడుపు మండి మొరిగింటుందన్నాడు. అయి ఉండవచ్చు. ఉరుకుందు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు, చచ్చేదాకా ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం ఆయన కుక్క మెడ చుట్టూ చేతులు వేసి, "నా కోసం అరిసినావా నాయనా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రుద్రమ్మ కొంగు దోపుకొని వచ్చి ఆయన రెక్క పట్టింది. "ఏడ్సింది సాలు, లెయ్యి. వీధి సివరిదాకా నడిసొద్దాం."

కరియ అప్పటికే వీధిలో ఉంది. ఆ సాయంత్రం ముగ్గురూ వీధి చివరిదాకా పోయి వచ్చారు. ఊపిరి అందక ఆయన ఆగిన ప్రతిచోటా అది వెనక్కి తిరిగి చూసి, ఆయన కదిలేదాకా కూర్చుంది.