గౌరవ వేతనం పెరిగిన రోజు

సభ్యుల గౌరవ వేతనం పెంచుతూ సర్కారు ఇచ్చిన ఉత్తర్వును అధికారి చదివి ముగించాడో లేదో, మండల పరిషత్ మందిరంలో బల్లలు దద్దరిల్లాయి. అంతకు ముందు కరువు మీద మాట్లాడి అలిసిపోయి ఆవులించిన సభ్యులే వాళ్ళు. నీళ్ళ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ హనుమంతమ్మ ఆ చప్పుళ్ళ మధ్య నోరు తెరిచింది.

"మాకూ ఏమన్నా పెంచినారా సామీ?"

కొందరు నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు.

"ఈడ మాట్లాడేదానికి నువ్వు మెంబరువా? బయటికి పో!"

ఏళ్ళ తరబడి ఆ మందిరం ఊడ్చి, కుర్చీలు సర్ది, నీళ్ళందించిన మనిషి ఆమె. కాంట్రాక్టు మనిషి. సాయంత్రానికి కాంట్రాక్టరు కబురు చేశాడు, ఇక రావద్దని.

హనుమంతమ్మ రామదాసు దగ్గరికి వెళ్ళింది. ఆయన అక్కడే పర్మనెంటు అటెండరు, ఉద్యోగుల సంఘం నాయకుడు.

"మాకు పీఆర్సీ ఉండాదమ్మా. ధరలు పెరిగితే జీతం పెంచమని చెప్తాది. మెంబర్లకు సర్కారే జీవో ఇస్తాది. కాంట్రాక్టోళ్ళకు ఏదీ లేదు. మీ మాటెత్తితే మా డిమాండ్లు దెబ్బతింటాయి."

"ధరలు మాకు పెరగలేదా అన్నా?"

రామదాసు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె మండల పరిషత్ గేటు ముందు ఎండలో కూర్చుంది. ఆ మర్నాడూ కూర్చుంది. వేరుశనగ ఎండిపోయాక మొగుడు గోవిందప్ప కూలికి బెంగళూరు పోయాడు. చిలమత్తూరు దగ్గరి పల్లెలోని ఇంట్లో ఆమె ఒక్కతే. ఇక్కడా ఒక్కతే. గేటు దాటేవాళ్ళెవరూ ఆమె వైపు చూడరు. వాచ్‌మన్ కొండప్పదీ కాంట్రాక్టు ఉద్యోగమే, అయినా అతనూ ముఖం తిప్పుకునేవాడు. ఎర్రమన్ను గాలికి లేచి కళ్ళలో పడేది. 'నేనేం తప్పు మాట్లాడినా?' అని తనను తానే ప్రశ్నించుకునేది.

ఆమె పనంతా ఆఫీసు మరుగుదొడ్లు కడిగే గంగక్క మీద పడింది. జీతం మాత్రం పాతదే. తర్వాతి సమావేశం రోజున గంగక్క గ్లాసుల పళ్ళెం ఎత్తుకుని మందిరం గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి తిరిగి నేరుగా గేటు బయటికి నడిచి, పళ్ళెం హనుమంతమ్మ ముందు పెట్టింది.

"తాగు."

"నీ పని పోతాదక్కా!"

"ఇద్దరి పని ఒక్కదాన్నే చేస్తాండా. రేపు నన్ను తీసేస్తే ఇంగొకతితో మూడు పన్లు చేయిస్తారు. జరుగు, నేనూ కూకుంటా."

కొండప్ప గేటు వదిలి వచ్చాడు. టోపీ తీసి గంగక్క పక్కన కూర్చున్నాడు.

లోపల సభ్యులు నీళ్ళకోసం అరిచారు. అధ్యక్షుడు ఫోను చేశాడు. జీపు వచ్చింది. పోలీసులు హనుమంతమ్మ రెక్క పట్టుకుంటే, మిగతా ఇద్దరూ ఎవరూ చెప్పకుండానే ఎక్కారు.

స్టేషన్లో ఎస్సై మెత్తగా మాట్లాడాడు. "తప్పయిందని చెప్పి ఇంటికి పోండమ్మా. కేసు గీసు ఏం లేదు."

"కేసు రాయండి సామీ," అంది హనుమంతమ్మ. "ఎందుకు కూకున్న్యావని జడ్జి అడుగుతాడు కదా. సభలో నోరెత్తనీలేదు. కోర్టులోనన్నా చెప్తాం."

ఎస్సై కేసు రాసి కోర్టుకు తీసుకెళితే, ముగ్గురినీ రిమాండు మీద జైలుకు పంపారు.

సంగతి తెలిసి మర్నాడు గోరంట్ల నుంచీ కొత్తచెరువు నుంచీ కాంట్రాక్టు మనుషులు బస్సులు దిగి అదే గేటు ముందు బారులు తీరారు. రామదాసు లోపల్నుంచి వచ్చి ఒక కొసన నిలబడ్డాడు.

"నిలబడేదేందన్నా?" అంది ఒకామె, కొంగుతో నేల దులిపి. "కూకో."

ఆయన కూర్చున్నాడు.