బెత్తెడు చోటు

తొంభై అయిదులో శశికళ కోడలిగా బెంగళూరు పక్కనున్న జిగణికి వచ్చిన కొత్తల్లో, ఇంటి వెనక షెడ్డులోకి ఇంకొన్ని గుడ్ల కోళ్లు దిగాయి. పాత తొట్లలోనే దాణా పోసి చేతులు దులుపుకున్నాడు మొగుడు ఓబులేష్. అత్త మునిరత్నమ్మ వచ్చి చూసింది. బలిసిన పెట్టలు తొట్టి చుట్టూ కమ్ముకుంటే, నెమ్మదైనవి వెనక నిలబడి మెడలు చాస్తున్నాయి. ఆమె తొట్టి అంచున చెయ్యి ఆనించి కొలిచింది.

"పెట్టకి బెత్తెడు చోటన్నా ఉండొద్దా అప్పా? మిగిలింది తిని గుడ్డు పెట్టమంటే ఎట్ల పెడతాది? నీ మొహం!" అని కొడుకుని తిట్టి, అప్పటికప్పుడు ఇంకో తొట్టి పెట్టించింది.

మధ్యాహ్నం మగవాళ్లు సంగటికి కూర్చున్నారు. శశికళ పుట్టింటి అలవాటు కొద్దీ తలుపు వారగా నిలబడింది. మునిరత్నమ్మ కోడలిని చూసింది, కొడుకుని చూసింది.

"జరుగప్పా, బిడ్డకి చోటియ్యి" అంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అందరిదీ ఒకటే పంక్తి.

పన్నెండేళ్లు తిరిగేసరికి షెడ్డూ లేదు, అత్తా లేదు. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఫ్లాటు, అందులో నాలుగు కుర్చీల భోజనాల బల్ల. మొగుడు, మామ, ఇద్దరు పిల్లలు కూర్చుంటే నిండిపోతుంది. మిగిలింది వంటింట్లో నిలబడి తినడం ఎప్పుడు అలవాటైందో శశికళకే తెలీదు.

ఇవాళ సంగటి కెలుకుతుంటే, మెడలు చాచిన ఆ పెట్టలు కళ్ల ముందు మెదిలాయి. బల్లని గోడకి నెట్టి, చాప పరిచి, అయిదు పళ్లాలు పెట్టింది.

నలుగురూ కూర్చున్నాక తన పళ్లెం దగ్గరికి వచ్చి, "జరుగప్పా" అంది మొగుడితో.

అచ్చం అత్త గొంతే. ఓబులేష్ జరిగి చోటిచ్చాడు.