పట్టేసిన పిస్టన్

రేవులో పనిచేసేవాళ్ళందరికీ ఆమె వదినే. తెరచాపలు కుట్టేది. గట్టు పక్క మేడమీద గదిలో నేలంతా గుడ్డ పరుచుకుని, మోకాళ్ళమీద పాకుతూ సుద్దతో గీతలు గీసుకునేది. ఆమె ఆడపడుచు బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు విప్పి బిగించి రిటైరైంది. డిపోలో ఆమెకు పెట్టిన పేరు స్పానరమ్మ. ఆ పేరే ఇంటిదాకా వచ్చింది.

వాళ్ళిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. వదినకు ఒక చిన్న తెరచాప పడవ ఉంది, అందులో పాత డీజిలు ఇంజనొకటి ఉంది. "వారానికోసారైనా దాన్ని తిప్పు వదినా, తుప్పు పట్టిపోతుంది" అంది స్పానరమ్మ ఒకసారి, నలుగురిలో. "నా పడవకి గాలి చాలు. నీ నూనె చేతులు నా గుడ్డలకి తగలకుండా చూసుకో చాలు" అని వదిన మాట విసిరింది. ఆ వానాకాలమే వదిన ఇంజన్ను చల్లబరిచే నీటి వాల్వు కట్టేయడం మరిచిపోయింది. పొగగొట్టంలోంచి ఉప్పునీళ్ళు వెనక్కి పాకి సిలిండర్లో చేరాయి. తుప్పుకి పిస్టన్ బిగుసుకుని ఇంజను పట్టేసింది. తప్పు తనదే కాబట్టి వదిన మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో రేవు తవ్వకం మొదలైంది. పడవలన్నీ పన్నెండు రోజుల్లో కాలువ దాటి కొత్త రేవుకు వెళ్ళాలని నోటీసు అంటించారు. కాలువలో తెరచాప ఎత్తకూడదు, సొంత ఇంజనుతోనే రావాలి. రాలేని పడవను పైకెత్తి ముక్కలు చేసేస్తారు.

గట్టుమీది మెకానిక్ వచ్చి ఇంజను తిప్పే హ్యాండిల్ పట్టుకుని రెండుసార్లు వేలాడాడు. కదల్లేదు.

"ఇది ఇంజను కాదమ్మా, లంగరు. తాడు కట్టి నీళ్ళలో వేసుకోండి" అని చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

వదిన తిన్నగా ఆడపడుచు ఇంటికి నడిచింది. తలుపు తీసిన స్పానరమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నువ్వు చెప్పినట్టే అయింది" అంది వదిన.

"అన్నయ్య ఎప్పుడో చెప్పాడు. నువ్వొచ్చి చెబుతావని మూడేళ్ళుగా చూస్తున్నా."

"వచ్చాగా. చెప్పులేసుకో."

పడవలో ఇంజనున్న గూడు మెట్లకింద, బీరువా అరంత ఉంది. స్పానరమ్మ భుజాలు అందులో పట్టలేదు. "బస్సు కింద హాయిగా కాళ్ళు చాపుకునేదాన్ని" అని విసుక్కుని, మెట్లమీద కూర్చుని ఏం చేయాలో చెప్పసాగింది. లోపలికి దూరింది వదినే. డీజిలు చిమ్మే నాజిల్ విప్పి, ఆ కంతలోంచి డీజిలూ పల్చటి నూనే కలిపి పోసింది.

"ఇక మూడురోజులు ముట్టుకోకు."

"మూడు రోజులా! ఉన్నవే పన్నెండు."

"నానకుండా కొడితే విరుగుతుంది. అప్పుడు పన్నెండేళ్ళున్నా లాభం లేదు."

నాలుగోరోజు సిలిండర్‌మీది మూత, అదే హెడ్డు, ఊడదీశారు. సిలిండర్ గోడలు ఎర్రమట్టి పూసినట్టున్నాయి. పిస్టన్‌మీద గుండ్రటి చెక్కముక్క పెట్టి, వదిన సుత్తితో తట్టింది. స్పానరమ్మ వంగి, చేయి అందినంత మేర గడ్డపార దూర్చి ఇంజను పక్క చక్రాన్ని, ఫ్లైవీల్‌ని, లాగింది.

"కొట్టకు వదినా, తట్టు. నిద్రపోయేవాళ్ళ తలుపు తట్టినట్టు."

"నిద్రపోయేవాళ్ళైతే ఈపాటికి లేచేవాళ్ళు."

రెండు రోజులు తట్టారు. వదిన అరచేతులు బొబ్బలెక్కాయి, గుడ్డ చుట్టుకుంది. ఏడోరోజు పొద్దున ఫ్లైవీల్‌మీద సుద్దతో గీత గీసి మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఆ గీత గోరు మందం జరిగింది. వదిన కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

"జరిగింది!"

"అరవకు. నేను లాగుతా, నువ్వు తట్టు" అంది స్పానరమ్మ.

సాయంత్రానికి చక్రం పూర్తిగా తిరిగింది. తరవాత మూడురోజులూ వాల్వులు అరగదీయడం, కొత్త గ్యాస్కెట్ వేయడం, గొట్టాల్లో గాలి తీయడం. రాగి వాషర్లు గట్టిపడిపోతే వదిన వాటిని వంటింటి మంటమీద ఎర్రగా కాల్చి నీళ్ళలో వేసి మెత్తబరిచింది.

పదోరోజు సాయంత్రం హ్యాండిల్ తిప్పితే ఇంజను దగ్గి, అంటుకుంది. అర నిమిషం ఆడి ఆగిపోయింది. మూడుసార్లూ అంతే. స్పానరమ్మ డీజిలు చూసింది, నాజిల్ చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఆమె మెట్టుమీద చతికిలబడింది.

"పిస్టన్ రింగులు పోయాయేమో వదినా. ఇంక నా వల్ల కాదు."

"మూడేళ్ళు నాకోసం చూశావు. ఇంకో రెండు రోజులు దానికోసం చూడలేవా? తిప్పు."

వదిన గట్టుమీదికెక్కి బోర్లా పడుకుని, పడవ వెనకవైపు పొగ వచ్చే కంతకి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంజను అంటుకుంది. చేతికి మాత్రం గాలి తగిలీ తగలనట్టుంది.

"ఇది ఊపిరి పీలుస్తోంది గానీ వదలడానికి దారి లేదే!" అని అరిచింది.

పొగగొట్టం వంపు విప్పితే లోపల మసి రాయిలా బిగిసిపోయి ఉంది, చిటికెనవేలు కూడా దూరదు. స్పానరమ్మ నుదురు కొట్టుకుంది. "బస్సుకైతే ముందు అదే చూసేదాన్ని." పదకొండోరోజంతా వదిన తెరచాపలు కుట్టే దబ్బనంతో ఆ మసిని పొడిచి పొడిచి రాల్చింది. ముఖం, మెడ నల్లబడ్డాయి. ఆడపడుచు ఆమెను చూసి నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది.

పన్నెండోరోజు ఎదురుగాలి. ఇంజను ఒకే చప్పుడుతో, పొగ ఊదుకుంటూ, పడవను కాలువలోకి నెట్టింది. నడుమ రేవు తవ్వే ఓడ అడ్డమొస్తే వేగం తగ్గించాల్సొచ్చింది. చప్పుడు తడబడింది. మళ్ళీ అందుకుంది.

కొత్త రేవులో అధికారి కాగితం తీశాడు. "మెకానిక్ ఎవరు?"

"ఈవిడ" అన్నారు ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటూ.

ఆయన సంతకం పెట్టి వెళ్ళాక వదిన ఇంజను ఆపేసింది.

"అయ్యో, ఎందుకాపావు? బాగా ఆడుతోందిగా!"

వదిన గూట్లోకి వంగి హ్యాండిల్ బిగించి, బొబ్బలెక్కిన చేతులతో తనే ఒక్కతే తిప్పింది. రెండో తిప్పుకే ఇంజను అంటుకుంది.

"వచ్చే వారం నుంచి వారానికోసారి" అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. స్పానరమ్మ విననట్టే తాడు గట్టుకి బిగించింది.