ముడత పడని మంచం

మా అక్క ఒక పెద్ద హోటల్లో గదులు సర్దించే సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయింది. నిన్న ఈ గదిలో ఒక మనిషి పడుకున్నాడన్న ఆనవాలు ఇవాళ వచ్చినవాడికి దొరకకూడదు, అదీ ఆవిడ ఉద్యోగం. ఉద్యోగం పోయింది గాని ఆ జబ్బు పోలేదు. వాళ్లింట్లో మనం సోఫాలోంచి లేస్తే చాలు, వెనకే వచ్చి దిండు తట్టి నిలబెడుతుంది. మా ఆయన చాటుగా ‘ఇస్త్రీ వదిన’ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఆయనకూ లేదు, నాకూ లేదు.

రిటైరైన కొత్తలో అక్క మనిషి మనిషిలా లేదు. బావగారు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. సర్దిన ఇంటినే మళ్లీ సర్దుకుంటూ కూర్చునేది. చివరికి వీధివైపు గదిని, నాలుగు రోజుల పనిమీద ఊళ్లోకొచ్చేవాళ్లకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అంతే, ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా వస్తున్నారంటే తువ్వాళ్లు మడతపెడుతూ కూనిరాగాలు తీసేది. మునిసిపాలిటీకి కట్టాల్సిన గది పన్ను వేరే డబ్బాలో వేసి, పరాయివాళ్ల సొమ్మన్నట్టు దానివంక కూడా చూసేది కాదు.

అలాంటి మనిషి నెత్తిన కొత్త రూలొచ్చి పడింది. యజమాని ఆ ఇంట్లోనే కాపురముంటేనే ఇలా రోజులవారీగా గది అద్దెకివ్వాలట. ఇళ్లకు ఇళ్లు కొనిపడేసి, వచ్చిపోయేవాళ్లకే ఇస్తూ, ఊళ్లోవాళ్లకు అద్దె ఇల్లు దొరక్కుండా చేస్తున్న వాళ్లను ఆపడానికి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. నమ్మకం కుదిరితే లైసెన్సు, లేకపోతే గది మూసుకోవాల్సిందే.

“ఉంటున్నదాన్ని ఉంటున్నానని చూపించడానికి ఏముందే?” అంది అక్క. ఏముందో నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు తోడుంటానని వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. స్టవ్వు చూస్తే దానిమీద ఎప్పుడూ పాలు కూడా కాచినట్టు లేదు. బాత్రూంలో బ్రష్షు లేదు, సబ్బుకు కాగితమైనా విప్పలేదు. పడకగదిలో దుప్పటి మీద చీమ నడిచినా జాడ తెలిసేలా ఉంది.

“అక్కా, ఇక్కడ మనుషులున్నారా లేదా అని చూడ్డానికొస్తున్నాడు ఆయన. ఒక తువ్వాలైనా కుర్చీమీద పడేయనా?”

“పడేశావంటే ఊరుకోను. ఆఫీసు మనిషి వస్తుంటే ఇల్లలా పెట్టుకుంటామా? ఇది నీ ఇల్లనుకున్నావా?”

మధ్యలో నా ఇంటి మాటెందుకో. అయినా నా ఇల్లు చూస్తే ఏ ఇన్‌స్పెక్టరైనా గుమ్మంలోనే సంతకం పెట్టి పారిపోతాడు.

వచ్చినాయన సన్నగా, జలుబుతో, నెమ్మదిగా ఉన్నాడు. ముందు వీధివైపు గది తలుపు తీశాడు. అందులో ఉన్నది పియానోలు బాగుచేసే మనిషి, పనిమీద బయటికెళ్లాడు. బసలో ఉన్నవాళ్ల సామాను వాళ్లు అడగందే ముట్టుకోకూడదన్నది అక్క నేర్చుకున్న పాఠం. కుర్చీమీద మేజోళ్లు, నేలమీద దుప్పటి, బల్లమీద నారింజ తొక్కలు.

“ఇది మీ గదన్నమాట,” అన్నాడు సంతోషంగా.

“కాదండీ, అద్దెకిచ్చేది.”

అక్క గదిలోకి వచ్చాడు. “అయితే ఇది?”

“ఇది నాదండీ.”

ఆయన మంచాన్ని చూశాడు, అక్కను చూశాడు, ముక్కు తుడుచుకున్నాడు. “అమ్మా, వేరేచోట ఉంటూ, తనిఖీ రోజున వచ్చి నిలబడేవాళ్లను నేను రోజూ చూస్తుంటాను. వాళ్లయినా గుమ్మంలో ఒక జత చెప్పులు పెడతారు.”

నాకు నవ్వొచ్చేదే, అక్క మొహం చూసి ఆగిపోయాను. ముడతే లేని దుప్పటిని చేత్తో సవరిస్తోంది. “ఆ అద్దెగది కూడా తీసేస్తే నేనేం చెయ్యాలండీ?” అంది.

“సార్, మా అక్క ఇక్కడే ఉంటుంది. రోజూ వచ్చి తిట్లు తిని వెళ్తున్నది నేను,” అన్నాను.

“చెల్లెళ్లు అలాగే చెప్తారమ్మా. ఈ మంచం మీద ఎవరూ పడుకున్నట్టు లేదే. మీరు పడుకునేదెక్కడ?”

అక్క వంటింటి వెనక్కి నడిచి, చీపుర్లూ బకెట్లూ ఉంటాయని ఇన్నాళ్లూ నేననుకున్న గది తలుపు తీసింది.

లోపల చీపుర్లున్నాయి. వాటి పక్కనే మడతమంచం, నలిగిపోయిన దుప్పటి, దిండు మీద బావగారి పాత స్వెట్టరు. గ్లాసులో బ్రష్షు, రేడియో, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, తలోవైపూ పడున్న చెప్పులు.

“మంచి మంచం నలిగిపోతుందని...” అంది తల వంచుకుని. “గదులు సర్దేవాళ్లం, గెస్టు పక్కమీద పడుకుంటామా?”

“ఇక్కడ గెస్టెవరక్కా! ఇల్లు నీది!” అని అరిచాను. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇన్‌స్పెక్టరు బిస్కెట్ల పొట్లాన్ని చాలాసేపు చూశాడు. “ఉంటున్నారు, సందేహం లేదు. కానీ యజమాని పడుకునే గదికి కిటికీ ఉండాలమ్మా. దీనికి లేదు. వచ్చే వారం వస్తాను, ఆ మంచం నలిగి కనబడాలి. లేకపోతే లైసెన్సు లేదు.” ఆ రూలు నిజంగా ఉందో, ఆయన అప్పటికప్పుడు పుట్టించాడో నాకు తెలియదు. అడగను కూడా.

చెప్పినట్టే వారం తర్వాత మధ్యాహ్నం వచ్చాడు. మంచం నలిగే ఉంది. వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. “ఇది చేత్తో నలిపింది. ముడతలు రెండువైపులా సమానంగా ఉన్నాయి. సాయంత్రం ఇటే వెళ్తాను, ఇంకొక్కసారి చూస్తా.”

ఆయన వెళ్లగానే నేను, బజారు దుమ్ము కాళ్లతోనే, ఆ మంచం మీదికి ఎగిరి పడ్డాను. అక్క కెవ్వుమంది. తిట్టింది, కాలు పట్టి లాగింది, చివరికి ఎలాగూ పాడైపోయిందని నా పక్కనే ఒరిగింది. ఏదో చెబుతూ చెబుతూ నిద్రపోయింది. చిన్నప్పటిలాగే నోరు తెరిచి గురక.

తలుపు చప్పుడైతే నేనే వెళ్లాను. నోటిమీద వేలు పెట్టి ఇన్‌స్పెక్టరును గది గుమ్మందాకా తీసుకొచ్చాను. ఆయన చూసి, హాల్లో నిలబడే లైసెన్సు మీద సంతకం పెట్టి ఇచ్చి, తుమ్ము ఆపుకుంటూ వెళ్లిపోయాడు.

అక్క లేచి లైసెన్సు చూసుకుంది. తర్వాత నలిగిన మంచం వంక చూసింది. ఇక సర్దుడు మొదలనుకుని నేను పక్కకు జరిగాను. ఆవిడ వంటింటి వెనక్కి వెళ్లి బావగారి స్వెట్టరు తెచ్చి, మడతపెట్టకుండానే దిండు మీద వేసింది.