ముట్టుకోకుండా నిలబడటం

చిలకలూరిపేట హైవే పక్కనున్న ఆ స్పిన్నింగు మిల్లులో దారాన్ని కోనులకు చుట్టే పాత వైండింగు మిషన్లను విప్పి, పాతసామాను కింద లారీకెక్కించేశారు. వాటి చోట పొడుగాటి కొత్త మిషను వచ్చి కూర్చుంది. ఆటోకోనరట. ఆడవాళ్లందరినీ దాని ముందు వరసగా నిలబెట్టి వారం రోజుల ట్రైనింగు మొదలుపెట్టారు.

పాత మిషన్ల మీద పనంతా తెగిన దారాన్ని ముడెయ్యడమే. అందులో పున్నమ్మది అందెవేసిన చెయ్యి. పెళ్లికి ముందు కందుకూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకుని దారంతో కర్రలకు అల్లిన చెయ్యి అది. అక్కడ దారం తెగి ఊగుతుంటే చూస్తూ కూర్చున్నదాన్ని మేస్త్రి వదిలిపెట్టేవాడు కాదు, అమ్మనీ అబ్బనీ కలిపి తిట్టేవాడు. ఆ భయానికి తెగిన దారం కంటపడితే చాలు, వేళ్లు ముడేసేవి, పళ్లు కొస కొరికేసేవి. మధ్యలో బుద్ధికి పనుండేది కాదు.

కొత్త మిషనుకు ఆ చెయ్యే గిట్టదు. దారం తెగితే అదే చూసుకుంటుంది. ఇనపగొట్టం ఒకటి విసురుగా పైకి లేచి కొసను పీల్చుకొస్తుంది, గాలితో పురిపెట్టి అతుకుతుంది. ముడన్నది ఉండదు. అతకకపోతే మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఎర్రలైటు వెలిగిస్తుంది. అప్పుడు మనిషి వెళ్లి చిక్కు తీసి, మీట నొక్కాలి.

"లైటు వెలగందే ఎవరూ చెయ్యి పెట్టొద్దమ్మా," అని మొదటిరోజే చెప్పాడు ప్రసన్నకుమార్. నేర్పడానికి మిషను కంపెనీ పంపిన కుర్రాడు. ఒంగోల్లో పాలిటెక్నిక్ చదివాడు.

పున్నమ్మ బుద్ధిగా తలూపింది. ఊపిన తల ఇంకా నిలవకముందే ఎదురుగా దారం తెగింది. చెయ్యి వెళ్లిపోయింది. గొట్టం లేచి వేళ్ల కణుపుల మీద ఒక్కటిచ్చింది.

"చూడండి. ఇంకాస్త లోపలికి పెడితే వేలే పోయేది," అన్నాడు ప్రసన్నకుమార్. "ఇంకోసారి ఇలాగైతే మిమ్మల్ని ఈ మిషను మీద ఉంచలేనమ్మా."

"ఉంచకపోతే పోనీయండి సార్," అన్నాడు సూపర్‌వైజరు అంకయ్య. "గోడౌన్లో వేస్టు దూది ఏరడానికి పంపుదాం. అక్కడ ఎంత చెయ్యి పెట్టినా ఎవురూ ఏమనరు."

ఆడవాళ్లు నవ్వారు. పున్నమ్మ నవ్వలేదు. గోడౌనంటే దుమ్ము. ఈ మిల్లుకు రాకముందు ఆవిడ పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో దూది దుమ్ము పీల్చి పీల్చి, రాత్రుళ్లు పడుకోలేక గోడకానుకుని కూర్చున్న మనిషి. ఊపిరి అందేది కాదు. పెద్దాసుపత్రి డాక్టరు, మళ్లీ ఆ దుమ్ములోకి పోతే నీకు నేను మందు రాయలేను అని మొహం మీదే చెప్పాడు.

ఆరోజు నుంచి ఇంట్లో సాధన మొదలైంది. కుళాయి కారుతుంటే కట్టెయ్యకుండా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది. కోడి వచ్చి బియ్యం చేటలో ముక్కు పెడుతుంటే అదిలించకుండా చూసేది. ఒకనాడు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పున్నమ్మ ఎదురుగానే నిలబడి ఉంది.

"ఏమేవ్, పాలు చూడవే," అన్నాడు మొగుడు ప్రేమదాసు. లారీలకు పత్తి బోరేలు, బస్తాలు ఎత్తే మనిషి, అప్పుడే స్నానం చేసొచ్చాడు.

"తెలుసులే. ఆగు."

"ఎవురి కోసం ఆగాలి? పిల్లి కోసమా?" అంటూ తనే గబగబా దించి వేలు కాల్చుకున్నాడు. "నీకు మిల్లోళ్లు పని నేర్పుతున్నారా, ఉన్న పని మర్చిపోమంటున్నారా?"

"మర్చిపోతేనే ఉంచుతారంట," అంది. ఆ రాత్రి ప్రార్థనలో, ప్రభువా, నా చేతులు నువ్వే పట్టుకో అని అడిగింది.

శనివారం పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరే వెళ్లి మిషను ముందు నిలబడాలి. ప్రసన్నకుమార్ తనే అక్కడక్కడా దారాలు తెంపుతాడు. ముందు నసీమున్నీసా వెళ్లింది. ఇదివరకు పక్క మిషను మీద పనిచేసిన మనిషి. తడబడకుండా ముగించుకుని వస్తూ పున్నమ్మ చెవిలో, "ఏం లేదక్కా, దాన్ని దాని మానాన వదిలెయ్యి," అంది.

పున్నమ్మ వెళ్లింది. వెనకాల చేతికి చెయ్యి మెలేసుకుంది.

మొదటి దారం తెగింది. వేళ్లు ముందుకు గుంజాయి. గొట్టం లేచింది, అతికింది, కోను తిరిగింది. ఆవిడ కదల్లేదు. రెండోదీ అంతే. మూడోచోట ప్రసన్నకుమార్ దారాన్ని చిక్కు చేసి వదిలాడు. గొట్టం లేచింది, అందలేదు. మళ్లీ లేచింది, అందలేదు. దారం కొస గాలిలో ఊగుతోంది. పున్నమ్మ కింది పెదవి పళ్ల మధ్య నలుగుతోంది.

ఎర్రలైటు వెలిగింది.

వెళ్లాలి. వెళ్లాలని తెలుసు. కానీ ఒక చెయ్యి ఇంకో చేతిని వదలడం లేదు. వదలవే తల్లీ అని ఆ చేతితో లోపల్లోపలే మొత్తుకుంటోంది. లైటు అలా వెలుగుతూనే ఉంది.

"నిద్రపోతుందా ఏంది?" అన్నాడు అంకయ్య.

"సార్," అంది పున్నమ్మ, ప్రసన్నకుమార్ వైపు తిరక్కుండానే. "లైటు వెలిగింది. ఇప్పుడు ముట్టుకోవచ్చు కదండీ?"

"నన్నడగొద్దమ్మా. మీరే చూడండి."

మళ్లీ లైటు వైపు చూసింది. ఒక్కొక్క వేలే విప్పుకుంటున్నట్టు చేతుల్ని ముందుకు తెచ్చింది. చిక్కు తీసింది. కొస దొరకగానే అలవాటుకొద్దీ నోటి దాకా వచ్చిన చెయ్యి అక్కడ ఆగింది. కత్తెర వెతుక్కుని కోసింది, మీట నొక్కింది. కోను తిరిగింది.

"ఆమె కదిలేసరికి షిఫ్టే అయిపోద్ది సార్," అన్నాడు అంకయ్య. "ఈవిడ లాభం లేదు. సోమవారం నుంచి గోడౌనుకు రాసేస్తా."

పున్నమ్మకు అప్పుడే గుండెల్లో దుమ్ము పట్టినట్టయింది.

"తొందరపడే చేతికి దెబ్బ తగులుతుంది, అది నేను భరించలేను," అన్నాడు ప్రసన్నకుమార్. "ఆలస్యమయ్యే చెయ్యి అలవాటు మీద కుదురుకోవచ్చు. ఇంకో వారం ఇక్కడే ఉంచండి. అప్పటికీ ఇలాగే ఉంటే మీ ఇష్టం."

"వారమేగా," అన్నాడు అంకయ్య.

వాళ్లిద్దరూ అవతలి చివరకు వెళ్లిపోయారు. పున్నమ్మ ఒక్కతే మిగిలింది, ముందు వరసగా తిరుగుతున్న కోనులు. చేతులు వెనక్కి పెట్టుకోబోయి మానేసింది. పక్కన వేలాడేసి చూసింది, అదీ కుదరలేదు. ఆఖరికి కొంగు చివర పట్టుకుంది. వరస చివరెక్కడో ఒక దారం తెగింది. కళ్లార్పకుండా, ఇంకా వెలగని లైటు వైపే చూస్తూ నిలబడింది.