డ్రమ్ము పోయింది

జిరాక్సు షాపాయనకి పొడుగు మాటలంటే గిట్టదు. సగం చెప్తే మిగతా సగం ఎదుటివాళ్ళే పూరించుకోవాలి. పూరించుకోలేకపోతే అది వాళ్ళ బుర్రలేనితనమే తప్ప తన తప్పు కాదని ఆయన గట్టి నమ్మకం.

ఆ పొద్దున ఆయన ప్రింటరు ప్రతి కాగితం మీదా నల్లచార గీయడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే లోపల తిరిగే డ్రమ్ము గీసుకుపోయింది. సాయంత్రానికల్లా బడి ప్రశ్నపత్రాలు అచ్చువేసి ఇవ్వాలి. ఆలస్యమైతే ఇక మీ గడప తొక్కనని హెడ్‌మాస్టరు ముందే చెప్పారు. షాపు నడుస్తున్నదే ఆ బడి చలవ వల్ల. కంపెనీవాళ్ళేమో కొత్త డ్రమ్ము రావడానికి వారం పడుతుందన్నారు.

ఆయన గోడ మీది పటానికి దణ్ణం పెట్టి, "స్వామీ, ఒక్క డ్రమ్ము" అన్నాడు. దేవుడి దగ్గరా అదే పొదుపు. తరవాత బంధువులంతా ఉన్న ఫోను గ్రూపులో "డ్రమ్ము పోయింది. అర్జెంటు" అని పెట్టి చేతులు దులుపుకున్నాడు.

ముందుగా అత్తగారు ఫోను చేసింది.

"ఏ చెవి బాబూ?"

"చెవేమిటి అత్తయ్యా?"

"డ్రమ్ము పోయిందటగా! పుల్లలు పెట్టి తిప్పుకోవద్దంటే వింటేగా. నా మాట వినబడుతోందా?"

"బ్రహ్మాండంగా వినబడుతోంది. అదే నా ఖర్మ!"

అంతలో తమ్ముడు ఓ నీలం రంగు నీళ్ళ డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు. "మూత కూడా ఉందన్నయ్యా. చుక్క కారదు."

"ప్రింటరుకి స్నానం చేయించనా?"

"డ్రమ్మన్నావు, తెచ్చాను. ఏ డ్రమ్మో చెప్పావా?"

వెనకే బావమరిది, మెళ్ళో వేలాడుతున్న బ్యాండు డ్రమ్ముతో దిగాడు. "రేపు మా ప్రోగ్రాముంది బావా, ఈలోగా వాడుకో. కర్రలు కూడా తెచ్చా."

"ఆ కర్రలిటివ్వు. నీ వీపు మీద పనుంది!"

ఇద్దర్నీ నిలబెట్టి ఆయన చెడామడా దులిపేశాడు. "జిరాక్సు షాపువాడికి ఏ డ్రమ్ము కావాలో ఆ మాత్రం తట్టదా? ఒక మాట చెప్తే చెవిన పెట్టేవాడు ఈ వంశంలో ఒక్కడూ లేడు!"

షాపు వెనకే ఇల్లు. ఆ అరుపులకి భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఇంట్లో ఉన్నదానికేమైందండీ?"

"ఇంట్లో ఏముంది?"

"ఆ మధ్య మీరు షాపులో లేనప్పుడు కంపెనీ అబ్బాయి స్పేరు ఇచ్చి వెళ్ళాడుగా. డ్రమ్ము డ్రమ్ము మీద పెట్టానని మీకప్పుడే చెప్పాను."

ఆయనకి లీలగా గుర్తొచ్చింది. అప్పుడు టీవీ మీంచి చూపు తిప్పకుండా "సర్లే" అన్నాడు.

"నేను... నీకు నత్తి వచ్చిందనుకున్నా."

"అనుకున్నారు గానీ, పెళ్ళానికి నత్తి వచ్చిందే అని కంగారు మాత్రం పడలేదు!"

తమ్ముడు నీళ్ళ డ్రమ్ములోకి తల దూర్చి నవ్వాడు. లోపల అది ఇంకా పెద్దగా మోగింది.

బియ్యం డ్రమ్ము మీద, ఉల్లిపాయల బుట్ట కింద, అట్టపెట్టె సీలు చెక్కుచెదరకుండా ఉంది. బిగించగానే కాగితాలు తెల్లగా, అక్షరాలు నల్లగా వచ్చాయి. సాయంత్రం కట్టలు అందుకుంటూ హెడ్‌మాస్టరు మూలనున్న రెండు డ్రమ్ములూ చూసి, "బ్యాండు మేళం కూడా మొదలెట్టారా?" అన్నారు. షాపాయన ఏడుపు లాంటి నవ్వు నవ్వాడు.

హెడ్‌మాస్టరు వెళ్ళాక షాపాయన మళ్ళీ పటం ముందు నిలబడ్డాడు. అడక్కముందే ఇంట్లో పెట్టి ఉంచిన స్వామి, అడిగాక ఈ రెంటినీ ఎందుకు పంపినట్టు? దేవుడికీ వేళాకోళం ఉంటుందా? అడగబోయి, అపచారమని లెంపలేసుకున్నాడు.

"కాస్త ప్రశాంతత, స్వామీ" అన్నాడు చివరికి.

"ఎలాంటిదో వివరంగా చెప్పండి" అంది వెనకనుంచి భార్య.

"ఆయనకి తెలీదా ఏం?"

ఫోను టింగుమంది. గ్రూపులో అత్తగారు: "చెవి నయమయ్యేదాకా తోడుంటాను. బస్సెక్కాను."