ఇంటిపేరు తప్పిన టేకు చేప

నేను ఒక సీసాలో కాపురముంటున్న టేకు చేప పిల్లను, పళ్ళెంలాంటి ఒళ్ళూ తోక మీద ముల్లూ ఉండే జాతి. విశాఖలో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో, మూడో బీరువాలో, పాము సీసాకూ పీత సీసాకూ మధ్య నా చోటు. ఇరవయ్యారేళ్ళుగా స్పిరిట్‌లో మునిగి ఉన్నా ఒళ్ళు నిక్షేపంగా ఉంది.

మేము గుడ్లు పెట్టి వదిలేసే జాతి కాదు. అమ్మ కడుపులోనే గుడ్డు దాటి, అక్కడ ఊరే పాలలాంటి ద్రవంతో పెరిగి, పూర్తి రూపంతో బయటికి వస్తాం. ఒంట్లో ఒక్క ఎముక ఉండదు. మీ చెవి దొప్పలో ఉండే మెత్తటి పదార్థమే మా అస్థిపంజరం. సొరచేపలు మాకు దాయాదులు. కళ్ళు వీపు మీద, నోరు పొట్ట కింద ఉండటంతో ఏం తింటున్నామో చూసుకునే యోగం మాత్రం లేదు.

మంగమారిపేట జాలర్ల వలలో పడిన కంగారులో అమ్మ నన్ను ఇసుక మీదే కనేసింది. నేను ఎంతోసేపు బతకలేదు. ఒడ్డున టేకు చేపలమ్మే మైలపల్లి పోలమ్మ నన్ను ఎత్తి, నమూనాల కోసం వచ్చిన సువర్చల అనే ఎమ్మెస్సీ విద్యార్థినికి ఇచ్చింది. ఇచ్చే ముందు నా తోక ముల్లుకు వెనకగా, అడుగున వేలాడే తోలు చూపించింది.

"ఇది జెండాతోక టేకు తల్లీ. కొరడాతోకది ఏరే," అంది.

కాలేజీ సీసా చిన్నది, నా తోక పొడుగు. దాన్ని చుట్టచుట్టి పొట్ట కింద దోపారు. శాఖాధిపతి శర్మగారు సీసాను వెలుతురుకెత్తి చూసి, కొరడాతోక జాతి పేరుతో చీటీ రాసేశారు. సువర్చల పోలమ్మ మాట చెప్పబోతే, చేపలమ్మే మనిషి వర్గీకరణ చెబితే ఇక మనమెందుకని నవ్వారు. ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. ఆ పిల్ల ఆ చీటీనే సీసాకు అంటించింది.

శాస్త్రంలో మాకూ తెలుగువాళ్ళలాగే ఇంటిపేరు, అంటే ప్రజాతి పేరు, ముందు; సొంతపేరు తరువాత. నాకు ఇంటిపేరే తప్పింది. ఏటేటా పిల్లలు నా బొమ్మ గీసి, కింద ఆ తప్పుడు పేరు రాసి, పదికి తొమ్మిది తెచ్చుకున్నారు.

పోయిన వేసవిలో సువర్చలే శాఖాధిపతి అయింది. పాత స్పిరిట్ మార్చడానికి నన్ను ట్రేలో పెట్టి, తోక చుట్ట విప్పింది. అడుగున తోలు జెండాలా పరుచుకుంది. ఆమె ముఖం కందిపోయింది. స్కేలు పెట్టి కొలిచింది, పుస్తకాలు తిరగేసింది. పోలమ్మ మాటే నిజం.

మర్నాడే వెళ్ళి పోలమ్మను వెంటబెట్టుకొచ్చింది. డెబ్భై దాటిన పోలమ్మ నన్ను అరచేతిలో పెట్టుకుని, ఇన్నేళ్ళయినా పిల్ల ఎదగలేదేమని అడిగింది. సువర్చల నవ్వలేదు.

"మీరు చెప్పింది నిజమని ఆ రోజే అనిపించింది, పోలమ్మగారూ. భయపడి ఊరుకున్నాను."

పోలమ్మ నన్ను మెల్లగా ట్రేలో పెట్టింది.

"పోన్లే తల్లీ. సేప పాడవనేదు కదా."

కొత్త చీటీ మీద నా ఇంటిపేరు మారింది. 'గుర్తించినవారు' అన్నచోట, మామూలుగా పెద్ద డిగ్రీలవాళ్ళ పేర్లుండే గడిలో, సువర్చల మైలపల్లి పోలమ్మ అని రాసి చదివి వినిపించింది. పోలమ్మ ఆ అక్షరాల దాకా వేలు తెచ్చి, సిరా అలుక్కుపోతుందేమోనని వెనక్కి తీసుకుంది. 

"ఆ పేరుగలోళ్ళు మా పేటలోనే నలుగురున్నారమ్మా. ఏ పోలమ్మో తెలిసేలాగ రాయి."

ఎలా రాయాలని సువర్చల అడిగింది. పోలమ్మ చెప్పింది. గడిలో చోటు చాలక చివరి అక్షరాలు అంచు దాటాయి: టేకుల పోలమ్మ, మంగమారిపేట.